మా ఇంటి హమ్మూ, లోకమంతా ఇచ్చిన సలహాలూ

మా ఆవిడ రేడియోలో పాడాలని నేను ఇంటి గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాను. ఈ మాట విని మీరు నవ్వితే తప్పులేదు. మా మావగారు మాత్రం నవ్వలేదు. ఆ సంగతి వరసలో వస్తుంది, ముందు నన్ను మొదట్నుంచీ చెప్పుకురానివ్వండి.

మాది ఏలూరు. ఏలూరని చెప్పుకుంటాం గానీ, పెదపాడు వెళ్ళే దారిలో ఊరు అయిపోయాక వచ్చే ఇల్లు. దొడ్డిగోడ మీంచి తొంగిచూస్తే చేపల చెరువులే. నేను ఓ ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మా ఆవిడ తాడేపల్లిగూడెంలో పురోహితుల ఇంటి ఆడపడుచు. పెళ్ళికి ముందు పన్నెండేళ్ళు సంగీతం నేర్చుకుంది, ఇప్పుడు సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకి పాఠాలు చెబుతుంది. రేడియోలో పాడాలని ఆవిడకి చిన్నప్పట్నుంచీ కోరిక. అందుకు ముందు ఇంట్లోనే పాడి, రికార్డు చేసి పంపాలి. అది నచ్చితే విజయవాడ స్టూడియోకి పిలిచి పాడించుకుంటారు. ఇదివరకు రెండుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి మా పెద్దాడు కడుపులో ఉన్నాడు. రెండోసారి సరిగ్గా ఆ వారమే జలుబుచేసి గొంతు పోయింది. మొన్న వేసవిలో మళ్ళీ దరఖాస్తు నింపుతూ కలం పక్కన పెట్టి, "ఇదే ఆఖరుసారండీ. ఇదీ రాకపోతే ఆ శ్రుతిపెట్టె అటకెక్కించేస్తాను. ఇంక నన్నెవ్వరూ పాడమని అడక్కండి" అంది.

మా ఆవిడ ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. మా ఇంట్లో పాట లేకపోవడం ఎలా ఉంటుందో నేను ఊహించుకోలేకపోయాను. "నువ్వు పాడు చాలు, రికార్డింగు సంగతి నాకొదిలెయ్" అన్నాను. అంత ధీమాగా అన్నానే గానీ, అప్పటికి నాకు మైకుకి ముందెటో వెనకెటో తెలీదు.

మైకొకటీ, దాన్ని కంప్యూటరుకి కలిపే చిన్న పెట్టె ఒకటీ తెప్పించాను. దొడ్డివైపు గదిలో పెట్టి మొదటి పాట రికార్డు చేసి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాను. పాట వెనక సన్నగా ఏదో చప్పుడు. అదేమిటో కనుక్కుందామని ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటూ ఇంటర్నెట్లో వెతికాను. అదిగో, అప్పుడు దొరికింది ఆడియో పిచ్చివాళ్ళ చర్చావేదిక.

అమ్మబాబోయ్! లోకంలో ఇంతమంది ఉన్నారని నాకు నలభై ఎనిమిదేళ్ళొచ్చేదాకా ఎవరూ చెప్పలేదే! ఒకాయన తన స్పీకరు కింద వేసిన బల్లకి కాళ్ళు మూడుండాలా నాలుగుండాలా అని ఆరు పేజీలు రాశాడు. దానికి పద్దెనిమిది పేజీల జవాబులు. తీగని ఏ కొసనుంచి తగిలిస్తే పాట బాగా వినిపిస్తుందని ఇద్దరు పెద్దమనుషులు ఏళ్ళ తరబడి తిట్టుకుంటున్నారు. మధ్యలో ఒకాయనకి మనవడు పుడితే రెండో ఆయన శుభాకాంక్షలు చెప్పి, ఆ కిందే మళ్ళీ తిట్లు అందుకున్నాడు. నేను ఆనందం పట్టలేకపోయాను. ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి చదువుతుంటే పప్పన్నం చల్లారి గడ్డకట్టింది. పక్క సీటాయన "ఏవండీ, పీఆర్సీ గానీ వచ్చిందాండీ?" అని అడిగాడు, నా మొహంలో వెలుగు చూసి.

సభ్యుడిగా చేరాలంటే పరిచయం రాసుకోవాలన్నారు. ఇంగ్లీషులో రాయడం నాకేం కొత్త? ఆఫీసులో రోజూ రాసేదేగా. పైన "విషయము: పాట వెనుక శబ్దము వచ్చుట గురించి" అని పెట్టాను. "పై విషయమై తమకు సవినయముగా మనవి చేయునదేమనగా" అని ఎత్తుకున్నాను. అయిదు పేరాలకి వరస నెంబర్లు వేసి, చివర "తమ విధేయుడు" అని ముగించి పంపించాను. అక్కడ ఎవరి పేర్లూ ఉండవు, పేరు స్థానంలో ఏదో బొమ్మ ఉంటుంది. ఎక్కడో చలిదేశం నుంచి గుడ్లగూబ బొమ్మాయన అందరికన్నా ముందు జవాబిచ్చాడు. తాను పదిహేనేళ్ళుగా ఆ వేదికలో ఉన్నాననీ, ఇంత మర్యాదగా తమనెవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదనీ రాశాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు గురువు.

గురువుగారి మొదటి ఉపదేశం, గదిలో నిశ్శబ్దం సంపాదించమని. గోడ గడియారం దింపాను. రెపరెపలాడుతోందని క్యాలెండరు తీసేశాను. ఫ్రిజ్జు ఆపాను, పాలు విరిగాయి. ఫ్యానాపమన్నాడు. మే నెలలో ఏలూరులో ఫ్యానాపమన్నవాడికి మే నెలా తెలిసుండదు, ఏలూరూ తెలిసుండదు. అయినా ఆపాను. మా ఆవిడ చీరకొంగుతో మొహం ఒత్తుకుంటూ పాడింది, పాపం. అప్పటికీ దొడ్లోంచి గిన్నెల చప్పుడు. మా పెరట్లో, సరిగ్గా ఆ గది కిటికీ కిందే, అంట్లు తోముకునే గట్టూ బట్టలుతికే బండా ఉన్నాయి.

"రేపట్నుంచి ఇక్కడ అంట్లు తోమకూడదు, బట్టలుతక్కూడదు" అన్నాను.

"మరి వీధివైపు కూచుని తోముకోమంటారా ఏవిటండీ, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుంటే?"

"డాబా మీద కుళాయి ఉందిగా."

మా ఆవిడ నావైపు ఓ చూపు చూసింది. అంట్ల తట్ట నడుముకి ఎత్తుకుని పంతొమ్మిది మెట్లు ఎక్కింది. నేనా సాయంత్రం "పెరటి చప్పుడు సమస్య పరిష్కారమైనది" అని వేదికలో రాసుకుంటే, ఎనిమిదిమంది బొటనవేళ్ళెత్తారు. నేను గాల్లో తేలిపోయాను.

గురువుగారి రెండో ఉపదేశం, ఒట్టి గోడల మీద పడి గొంతు తిరిగొస్తోంది, వాటికి మెత్తటిదేదైనా కప్పమని. కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చాలని వేదికలో ఇంకొకాయన అన్నాడు. దానివల్ల ఒరిగేదేమీ లేదని మరొకాయన అన్నాడు. ఇద్దరూ చొక్కాలు పట్టుకునేలోగా నేను బజారుకెళ్ళి రెండు కట్టలు తెచ్చి, మైదాపిండి ఉడికించి గోడలకి అంటించేశాను. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా ఏకాదశి కాదని చూసుకుని తింటాం. గుడ్డుకీ, గుడ్డు పెట్టుకునే అట్టకీ తేడా ఉందన్నది నా తర్కం. ఆ తర్కం మర్నాడు ఉదయం బస్సు దిగి వచ్చిన మా మావగారికి అందలేదు.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. గోడ చూశారు, నన్ను చూశారు, మళ్ళీ గోడ చూశారు.

"అల్లుడుగారూ, ఇవేవిటండీ?"

"శబ్దం పీల్చుకోడానికండీ."

"ఇందులో ఏం పెడతారండీ మామూలుగా?"

"ఇప్పుడేం లేవండీ, ఖాళీవేనండీ."

"ఇదివరకండీ?"

నేను ఊడబోతున్న ఓ అట్ట అంచుని గోడకి నొక్కాను. ఆయన వీధి అరుగు మీదకెళ్ళి కూర్చున్నారు. మంచినీళ్ళు కూడా అక్కడికే తెప్పించుకున్నారు. మా ఆవిడ లోపల మంచం మీద బోర్లాపడి, తలగడలో మొహం దాచుకుని, నవ్వాగక గిలగిల్లాడింది. ఆవిడ అలా నవ్వి ఎన్నేళ్ళయిందో! మావగారు వెళ్ళేముందు పసుపునీళ్ళు చేయించి ఆ గోడలన్నిటి మీదా చల్లి మరీ వెళ్ళారు. అట్టలు తడిసి కొన్ని ఊడిపడ్డాయి.

అదయ్యాక పది రోజులకి మొదలైంది అసలు కథ. ఓ ఉదయం అంతా సిద్ధం చేసుకుని, "ఊఁ, కానీ" అన్నాను. మా ఆవిడ కల్యాణిలో ఓ కీర్తన ఎత్తుకుంది. పల్లవి బాగుంది, అనుపల్లవి బాగుంది. చరణంలో గొంతు కిందికి దిగి మెత్తబడేచోట, హెడ్‌ఫోన్లలో వినిపించింది. మ్మ్మ్మ్... కూజాలో తుమ్మెద పడ్డట్టు. చెయ్యెత్తాను. ఆవిడ ఆగిపోయింది. మళ్ళీ పాడించాను. మళ్ళీ అక్కడే. నిన్నటిదాకా లేని చప్పుడు!

వేదికలో పెట్టాను. వాళ్ళ భాషలో దాన్ని హమ్ అంటారు. హమ్ అన్న మాట వినగానే వేదికకి వేదికే లేచి కూర్చుంది. పాట ముక్కని పంపమన్నారు, పంపాను. తీగలు నేలకి తగలకూడదన్నారు. మా ఆవిడ కాఫీ గ్లాసులు పద్నాలుగూ బోర్లించి, వాటి మీదుగా తీగలు పరిచాను. ఆ పూట చుట్టాలొస్తే కాఫీ గిన్నెల్లో ఇవ్వాల్సొచ్చింది. రెండో ముక్క పంపాను. ప్లగ్గు తిరగేసి పెట్టమన్నారు. మూడో ముక్క. హాల్లోంచి కరెంటు లాగమన్నారు, వంటింట్లోంచి లాగమన్నారు. నాలుగు, అయిదు, ఆరు. ఒక ప్రశ్న కింద సాగే చర్చని వాళ్ళు దారం అంటారు. నా దారానికి జవాబులు తొమ్మిది పేజీలయ్యాయి. మా వేదికలో ఆ నెలలోకెల్లా పెద్ద దారం నాదే! నిద్రలేవగానే పళ్ళు తోముకోకుండా ఫోను చూసేవాణ్ణి. తెల్లవార్లూ ఎక్కడెక్కడి మహానుభావులో మా ఇంటి ప్లగ్గు గురించి ఆలోచిస్తున్నారంటే ఎంత గర్వం! మా ఆవిడ పాడటం, చరణంలో నేను చెయ్యెత్తడం, ఆవిడ ఆగడం. ఏడు, ఎనిమిది, తొమ్మిది. 

"ఏవండీ, ఈ మైకు స్టాండు ముట్టుకుంటే చీమ కుట్టినట్టు జిల్లుమంటోందండీ" అందో రోజు.

"అదంతా నీ భ్రమ. కాస్త ఆగు, గుడ్లగూబాయన ఏదో రాశాడు" అన్నాను.

ఇంకో రోజు, "దొడ్లో కనకాంబరాలు ఎండిపోతున్నాయండీ" అంది. కనకాంబరాలకీ నాకూ ఏం సంబంధం? తలకూడా ఎత్తలేదు. అలా పదకొండు ముక్కలయ్యాయి. రికార్డింగు పంపడానికి గడువు రెండు రోజుల్లోకి వచ్చేసింది. మా ఆవిడ ఆ ఉదయం పాట అయ్యాక, అంటే నేను ఆపేశాక, శ్రుతిపెట్టె మీద నెమ్మదిగా గుడ్డ కప్పింది. రోజూ కప్పే గుడ్డ కాదు, పాత దుప్పటి చింపిన మందపాటి గుడ్డ. అటకెక్కించే సామానుకి చుట్టే రకం.

ఆ పూటే వేదికలో నాకొక్కడికే కనిపించేలా ఓ సందేశం వచ్చింది. గూడబాతు బొమ్మాయన. రోజూ కొల్లేరులో చూసే పక్షే అయినా, ఆ బొమ్మ చూసి నాకెప్పుడూ అనుమానం రాలేదు చూడండి! అచ్చ తెలుగులో రాశాడు. "నమస్కారం అండీ. మీ 'తమ విధేయుడు' చూడగానే మన జిల్లావారేనని పోల్చుకున్నానండీ. వీలైతే ఓసారి ఫోన్ చెయ్యండీ." చేశాను. కొల్లేటి ఒడ్డున చేపల చెరువులు చేసుకునే రైతట. చెరువు గట్టు మీద పాకలో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టుకుని పాటలు వింటుంటాడట.

"మీ ఇంటి కరెంటు ఎర్తు గొయ్యి ఎక్కడుందండీ?" అన్నాడు.

"పెరట్లో ఉందండీ, అంట్లు తోమే గట్టు పక్కన. కనకాంబరాల పాదులో పైపు కనిపిస్తూ ఉంటుంది."

"అందులో నీళ్ళు పోస్తున్నారాండీ?"

"నీళ్ళా? ఎర్తులోనా?"

"అయ్యో, పొయ్యాలి కదండీ! వేసవని కాలవలు కట్టేశారు, నేల నెర్రెలిచ్చేసింది. తడి లేకపోతే ఎర్తు పనిచెయ్యదండీ, ఆ హమ్ అందుకే. మైకు ముట్టుకుంటే అమ్మగారికి జిల్లుమంటోందేమో ఓసారి కనుక్కోండి."

రోజూ అంట్లు తోమిన నీళ్ళూ, బట్టలుతికిన నీళ్ళూ ఆ పాదులోకే పోయేవి. నిశ్శబ్దం కోసమని ఆ నీళ్ళు కట్టేసినవాణ్ణి నేనే. హమ్ తెచ్చిపెట్టినవాణ్ణీ నేనే! తొమ్మిది పేజీల మేధావుల్లో ఒక్కడికీ ఇది తట్టలేదంటే వాళ్ళ తప్పేముంది? వాళ్ళ దేశాల్లో భూమికెవరూ బిందెలతో నీళ్ళు పొయ్యరు కదా. తట్టాల్సింది నాకు.

థాంక్సు చెప్పి పెట్టెయ్యబోతుంటే ఆయన కాస్త నసిగాడు. "ఏమీ అనుకోకపోతే ఒక్క మాటండీ. పదకొండు ముక్కలూ విన్నానండీ. అమ్మగారు ఎప్పుడూ ఆ చరణం దగ్గరే ఎందుకాగిపోతున్నారండీ?"

"నేనే ఆపుతున్నానండీ, హమ్ వినిపించి."

"అలాగాండీ. ఏం లేదండీ, ఆ తరవాత పాట ఎటెళ్తుందో తెలుసుకుందామని ప్రతిసారీ ఆశగా వింటున్నానండీ. మీకైతే తెలిసే ఉంటుందిలెండి."

నాకు తెలీదు. పదకొండుసార్లు పాడించాను, ఎదురుగా రెండడుగుల దూరంలో కూర్చున్నాను, వేలకొద్దీ మాటలు టైపు చేశాను. ఆ పాట ఎలా ముగుస్తుందో నాకు తెలీదు. సిగ్గుతో చచ్చిపోయాను. చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయంటే నమ్మండి.

పరుగున పెరట్లోకెళ్ళాను. కనకాంబరాలు నిజంగానే మాడిపోయాయి, పైపు చుట్టూ నేల అరచెయ్యి పట్టేంత పగిలింది. బిందె తరవాత బిందె తెచ్చి పోశాను. నేల గుటగుటా తాగేసింది. నా అవతారం చూసి మా ఆవిడ దొడ్డిగుమ్మంలోకి వచ్చింది. జరిగిందంతా చెప్పి, "నువ్వు రెండుసార్లు చెప్పావు, నేనే వినిపించుకోలేదు. నాదే బుద్ధితక్కువ" అన్నాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపి తనూ ఓ బిందె తెచ్చింది. నా మీద సగం, పాదులో సగం పోసింది. మీద పడ్డవి పొరపాటున పడ్డవని నేననుకోను.

మర్నాడు ఉదయం మైకు ముట్టుకున్నాను. జిల్లు లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. హమ్ లేదు! లేదంటే లేదు! బనీను మీద ఉన్నవాణ్ణి ఉన్నట్టే గది మధ్యలో గంతులేశాను. "ఊరుకోండి, ఎవరైనా చూస్తే బాగోదు" అంటూనే మా ఆవిడ ఆ మందపాటి గుడ్డ తీసి పక్కన పెట్టింది.

పాడింది. పల్లవి, అనుపల్లవి, చరణం. సరిగ్గా ఆ చోట, చెరువులకి మేత తెచ్చే లారీ వీధిలోంచి పోతూ హారన్ కొట్టింది. నా చెయ్యి దానంతటదే లేచింది. ఆవిడ కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి. చెయ్యి దించి తొడకింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు కూడా తీసేశాను. ఆవిడ పాట కిందికి దిగింది, ఓ క్షణం అక్కడే తచ్చాడింది, అక్కణ్ణించి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్ళింది. ఎంత పైకి! ఇంత గొంతు ఈవిడ దగ్గరుందని నాకెవరూ చెప్పలేదే అనుకున్నాను. చెబితే మాత్రం విన్నానా? ఏడుపొచ్చింది నాకు. పైగుడ్డ లేక మోచేత్తోనే తుడుచుకున్నాను. ఆ రికార్డింగే పంపేశాం, లారీ హారన్‌తో సహా.

వేదికలో "విషయము: సమస్య పరిష్కారమగుట గురించి" అని రాశాను. భూమికి నీళ్ళు పోస్తే హమ్ పోయిందని వివరంగా మనవి చేశాను. ఓ పూట గడిచాక గుడ్లగూబ గురువుగారు అడిగాడు, ఏ రకం నీళ్ళు అని. అంతే! వాననీళ్ళయితే గొంతు తియ్యగా ఉంటుందని ఒకడు, బోరునీళ్ళలో ఉప్పుంటుంది గనక అదే మేలని ఇంకొకడు. మూడు పేజీలు. ఊరుకుందామనుకున్నాను గానీ ఉండబట్టలేదు. బియ్యం కడిగిన నీళ్ళని మించినవి లేవని నా అనుభవం మనవి చేసుకున్నాను. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

నెల్లాళ్ళకి స్టూడియో నుంచి పిలుపొచ్చింది. ఇద్దరం పొద్దున్నే రైలెక్కి విజయవాడ వెళ్ళాం. మా ఆవిణ్ణి లోపలికి పంపి తలుపు వేశారు. ఏం తలుపండీ అది! జానెడు మందం, అంచులకి రబ్బరు, మూస్తే గాలి కూడా దూరదు. ఇంకోరోజయితే ఆ తలుపు గురించి వేదికలో పదిపేజీలు రాసేవాణ్ణి. ఇప్పుడు దానికి చెవి ఆనించి నిలబడ్డాను. ఒక్క ముక్క వినపడలేదు. ఆ తలుపు చేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. బయట బల్లమీద కూర్చోమని ఎవరో చెప్పారు. కూర్చోలేక మళ్ళీ వెళ్ళి నిలబడ్డాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మా ఆవిడ బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఫలితం తెలియడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుందని వాళ్ళే అన్నారట, తను అడగనే లేదట.

"అంతా పాడనిచ్చారండీ" అంది. "ఒక్కరు కూడా ఆపలేదు."